అమ్మ మోకాళ్ల నొప్పులకి సీబీడీ ఆయిల్ తెస్తున్నారా? సూట్‌కేస్ సర్దకముందే ఇవి చూసుకోండి

చలి మొదలైందంటే ఇంట్లో పెద్దవాళ్లకి మోకాళ్లు పట్టేస్తాయి, సరిగ్గా అప్పుడే డిసెంబర్ సెలవులకి అమెరికా నుంచి పిల్లలొస్తారు, వస్తూ వస్తూ "అమ్మా ఇది గంజాయి కాదు, మత్తు రాదు, అక్కడ మామూలు షాపుల్లోనే అమ్ముతారు" అని గంజాయి జాతి మొక్కలోంచి తీసే సీబీడీ అనే పదార్థం కలిసిన ఆయిల్ బాటిలో, గమ్మీల డబ్బానో చేతిలో పెడతారు. ప్రేమతోనే తెస్తారు, కాదనను. కానీ మత్తు రాదన్న ఆ ఒక్క మాట పట్టుకుని మిగతావేవీ చూసుకోవట్లేదు, నా భయమంతా అదే.

ముందు ఎయిర్‌పోర్ట్ సంగతి. అమెరికాలో 2018 ఫార్మ్ బిల్లులో, టీహెచ్‌సీ అనే మత్తు పదార్థం 0.3 శాతం మించకపోతే ఆ మొక్కని హెంప్ అనొచ్చన్నారు. మత్తు పదార్థాల మీద మనకున్న 1985 ఎన్‌డీపీఎస్ చట్టంలో ఆ 0.3 లెక్కే లేదు. పూత, కాయ ఉన్న కొమ్మల చివర్లు గంజాయి, వాటిని ఇంకోదాంట్లో కలిపినా అంతే, ఒట్టి ఆకులు, గింజలు మాత్రం ఆ నిర్వచనంలోకి రావు. అక్కడి సీబీడీ ఎక్కువగా పూత నుంచే తీస్తారు. కాబట్టి శంషాబాద్‌లో బ్యాగ్ తెరిచినప్పుడు అమెరికా లేబుల్ చూపించి బయటపడదాం అనుకోకండి. దుబాయ్, సింగపూర్ మీదుగా వచ్చేవాళ్లు ఇంకా జాగ్రత్త, అక్కడి చట్టాలు చాలా కఠినం, సింగపూర్‌లో అయితే సీబీడీ కూడా నిషేధమే. దయచేసి తేవద్దు.

ఇక్కడ దొరికేది వేరు. ఆయుష్ లైసెన్స్‌తో విజయ (ఆయుర్వేదంలో గంజాయి మొక్కకి పేరు) ఆకు సారం అని అమ్ముతారు, మన రూల్స్‌లో అది షెడ్యూల్ ఈ(1) మందు, అంటే డాక్టర్ పర్యవేక్షణలోనే వాడాలి. వీటిలో టీహెచ్‌సీ ఉన్నవీ ఉంటాయి, అంటే మత్తు వస్తుంది, రాత్రి బాత్రూమ్‌కి లేచి తూలి పడితే మోకాలి నొప్పి పోయి తుంటి ఎముక విరుగుతుంది. ఇక మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2021లో ఆహారంగా ఒప్పుకున్న హెంప్ గింజల నూనె ఇంకోటి, అందులో సీబీడీ దాదాపు ఉండదు, నొప్పికి అని ఎక్కువ రేటు పెట్టి కొనకండి.

ఇప్పుడు అసలైన జాగ్రత్త, మందులతో గొడవ. సీబీడీ లివర్‌లో మందుల్ని కరిగించే ఎంజైములకి అడ్డం పడుతుంది, దాంతో కొన్ని మందులు ఒంట్లో పేరుకుపోతాయి. వాల్వు ఆపరేషన్ అయ్యి రక్తం పలచబడే వార్‌ఫరిన్ లాంటివి వేసుకునేవాళ్లకి ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే లెక్క) పెరిగి బ్లీడింగ్ అవ్వొచ్చు. ఫిట్స్‌కి క్లోబజామ్ వాడేవాళ్లు మగతలో పడిపోతారు, ఇంకో ఫిట్స్ మందు వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే రక్త పరీక్షలో లివర్ ఎంజైములు పెరుగుతాయి, అంటే లివర్ దెబ్బతింటోందని గుర్తు. కిడ్నీ మార్పిడి తర్వాత వాడే టాక్రోలిమస్ లెవెల్ కూడా పెరుగుతుంది. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వేసుకునేవాళ్లకి ముందే లివర్ మీద భారం ఉంటుంది, సీబీడీ ఇంకా పెంచొచ్చు. మన పెద్దవాళ్లు మందుల పేర్లు చెప్పరు కదా, "పొద్దున ఎర్రది, రాత్రి చిన్నది" అంటారు, సో స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని డాక్టర్ ముందు పెట్టండి, ఇది కూడా వాడాలనుకుంటున్నాం అని నోరు తెరిచి చెప్పండి, గంజాయి అనుకుంటారేమో అని సిగ్గుపడి దాచొద్దు.

అమెరికాలోనే ఉండి అక్కడే వాడేవాళ్లకి లేబుల్ లెక్క. 30 ఎంఎల్ బాటిల్ మీద 1000 మిల్లీగ్రాములు అని ఉంటే అది బాటిల్ మొత్తానికి, ఒక ఎంఎల్ డ్రాపర్‌లో సుమారు 33 వస్తుంది. బ్రిటన్ ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ 2023లో ఆరోగ్యంగా ఉన్న వయోజనులకి రోజుకి 10 మిల్లీగ్రాములు దాటొద్దని చెప్పింది, అంటే డ్రాపర్‌లో మూడో వంతు కూడా అక్కర్లేదు. నెయ్యి, నూనె బాగా పడ్డ భోజనంతో వేసుకుంటే ఒంటికి పట్టేది కొన్ని రెట్లు పెరుగుతుంది, ఒకరోజు పరగడుపున, ఒకరోజు బిర్యానీ తిని వేసుకుంటే రెండూ ఒకే డోస్ కాదు. లేబుల్‌నీ నమ్మలేం. 2017లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధనలో ఆన్‌లైన్‌లో కొన్న 84 ప్రొడక్టులు టెస్ట్ చేస్తే మూడో వంతు లోపే లేబుల్‌కి సరిపోయాయి, 18 వాటిలో టీహెచ్‌సీ దొరికింది. అందుకే బయటి ల్యాబ్ రిపోర్టు మీద బ్యాచ్ నంబర్, మీ బాటిల్ మీద నంబర్ ఒకటేనా చూడండి, సీసం లాంటి లోహాలకి టెస్ట్ చేశారా చూడండి, ఈ మొక్క నేలలోంచి వాటిని లాగేస్తుంది. ట్రక్ నడిపేవాళ్లు, ఉద్యోగానికి డ్రగ్ టెస్ట్ ఉన్నవాళ్లు ఫుల్ స్పెక్ట్రమ్ (కాస్త టీహెచ్‌సీ కూడా ఉండే రకం) జోలికే పోవద్దు, పాజిటివ్ వస్తే సీబీడీ వాడాను అన్న మాట అక్కడ చెల్లదు.

ఇంతా చేసి నొప్పి తగ్గుతుందా అంటే, అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ ఒప్పుకున్న సీబీడీ మందు ఎపిడియోలెక్స్ ఒక్కటే, అదీ కొన్ని రకాల ఫిట్స్‌కి, నొప్పికి కాదు. డెన్మార్క్‌లో చేతి కీళ్ల అరుగుదల, సోరియాసిస్ కీళ్లవాతం ఉన్న 136 మందిని తీసుకుని, కొందరికి 12 వారాలు రోజుకి 20 నుంచి 30 మిల్లీగ్రాముల సీబీడీ ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లతో పోలిస్తే తేడా రాలేదు. అందుకే నేనైతే ఆ డబ్బుతో అమ్మకి ఫిజియోథెరపీ పెట్టించండి, తొడ కండరాలు గట్టిపడే ఎక్సర్‌సైజులు నేర్పించండి అంటాను.

అయినా వాడతాం అంటే ముందు లివర్ టెస్ట్ చేయించి, తక్కువ డోస్‌తో మొదలుపెట్టి, కొన్ని వారాలకి మళ్లీ టెస్ట్ చేయించండి. పాత మందులు ఏవీ సొంతంగా మానేయొద్దు. కళ్లు పచ్చబడినా, మలం నల్లగా వచ్చినా, మరీ మగతగా ఉన్నా ఆపేసి హాస్పిటల్‌కి వెళ్లండి. మోకాలు వాచి, తాకితే కాలిపోతూ, జ్వరం కూడా ఉంటే ఏ ఆయిలూ రాస్తూ కూర్చోవద్దు, అది ఇన్ఫెక్షన్ కావచ్చు, ఆ రోజే చూపించండి.