ఆటోక్రాస్ కారుకు రూల్స్ దాటని రియర్ స్పాయిలర్ చేసుకోవడం ఎలా?

ఖాళీ పార్కింగ్ లాట్‌లో కోన్లు పేర్చి, కార్లను ఒక్కొక్కటిగా వదిలి టైమ్ చూసే ఆట ఆటోక్రాస్. అమెరికాలో ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) వాళ్లు దీన్ని సోలో అంటారు. కోన్ తగిలితే 2 సెకన్లు పోతాయి. స్పాయిలర్ (గాలి కారు వెనక భాగాన్ని రోడ్డుకు అదిమేలా డిక్కీ మీద నిలబెట్టే పలక) కొలత తప్పి ఎవరైనా ప్రొటెస్ట్ చేస్తే ఆ రోజు ఫలితమే పోవచ్చు. అయినా మనవాళ్లు కోన్ల గురించి పడే టెన్షన్‌లో పావు వంతు కూడా టేపు పట్టుకోవడం మీద పెట్టరు.

ముందు రూల్‌బుక్ తెరవండి. ‘మా ఫ్రెండ్ చెప్పాడు’ అనేది రూల్ కాదు. స్ట్రీట్ క్లాసుల్లో, అంటే దాదాపు కంపెనీ ఇచ్చినట్టే ఉంచే కార్ల క్లాసుల్లో అయితే బయటి స్పాయిలర్ ఆలోచనే మానుకోండి. నేను చెప్పేది మార్పులకు ఇంకాస్త వీలిచ్చే స్ట్రీట్ ప్రిపేర్డ్ కోసం, అదీ డిక్కీ మూత ఉన్న కారుకు. నాది పాత మియాటా, మాజ్డా వాళ్ల రెండు సీట్ల చిన్న కారు. రూల్ క్లుప్తంగా ఇదీ: డిక్కీ వెనక భాగం మీద బిగించాలి, ఒరిజినల్ బాడీ నుంచి ఏ దిక్కుకీ 10 అంగుళాలు దాటకూడదు, బాడీ కంటే వెడల్పు ఉండకూడదు, చివర్లలో నిలువు పలకలు పెట్టకూడదు, వింగ్‌లా (పైనా కిందా గాలి పోయే రెక్కలా) పనిచేయకూడదు. హ్యాచ్‌బ్యాక్‌లో తలుపు పై అంచున పెడితే లెక్క వేరు. ఏటా రూల్‌బుక్ మారుతుంది కాబట్టి మీ క్లాసు పేజీ మీరే చదవండి.

సామాను పెద్దగా ఏమీ లేదు. 3/16 అంగుళం మందం పాలీకార్బొనేట్ (అద్దంలా అవతలికి కనిపించే గట్టి ప్లాస్టిక్) షీటు, అంగుళం అల్యూమినియం ఎల్ యాంగిల్, బోల్టులు, వెడల్పు వాషర్లు, నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండి, వదులు కానివి), జిగ్‌సా, డ్రిల్, ఆకురాయి, మాస్కింగ్ టేపు, టీవీ వచ్చిన అట్టపెట్టె. యాక్రిలిక్ వద్దు, చవకే కానీ డ్రిల్ పెట్టగానే పగులుతుంది. అల్యూమినియం రేకు కొందరికి ఇష్టం. నా మొదటి స్పాయిలర్ అదే. చూసి మా బావమరిది ‘నూనె డబ్బా రేకు అతికించావేంటి బావా’ అన్నాడు. అప్పటినుంచి నేను పాలీకార్బొనేటే వాడతాను. వెనక అద్దంలోంచి రోడ్డు కూడా కనిపిస్తుంది.

ఇక అసలు పని, షీటుకు నమూనాగా అట్ట కోయడం. అందరూ బోల్తా పడేది ఇక్కడే.

డిక్కీ వెనక అంచు తిన్నని గీత కాదు. పైనుంచి చూస్తే మధ్యలో వెనక్కి ఉబ్బి ఉంటుంది. తిన్నగా కోసిన అట్టను ఆ వంపు వెంట వంచి, నిలువుగా పెడితే బాగానే కూర్చుంటుంది. కాస్త వెనక్కి వాల్చి చూడండి. మధ్యలో ఆనుతుంది, రెండు చివర్లూ లేస్తాయి. ఎందుకంటే వాల్చగానే అది పల్లీల పొట్లంలో ముక్క అయిపోయింది. పొట్లం విప్పి పరిస్తే అంచు తిన్నగా ఉండదు కదా, చాపంలా వంగి ఉంటుంది. మీ అట్ట కింది అంచు కూడా అలాగే, మధ్యలో పైకి, చివర్లలో కిందికి, ఇంద్రధనుస్సులా కోయాలి. డిక్కీ మీద మాస్కింగ్ టేపు వేసి నడిమి గీత గీయండి. అట్టను 20 డిగ్రీలు వెనక్కి వాల్చి నిలబెట్టి, కంపాస్ ఒక కాలు డిక్కీ మీద జారుస్తూ రెండో కాలి పెన్సిల్‌తో అట్ట మీద గీయండి. కోసి, మళ్లీ పెట్టి, మళ్లీ గీయండి. నాకు ఎప్పుడూ మూడు అట్టలు పడతాయి. ఒక్క అట్టతో అయిపోయిందనే వాళ్ల స్పాయిలర్ కింద వేలు దూరుతుంది. ఆ సందులోంచి గాలి పోతే దాన్ని వింగ్ అనే హక్కు ఎదుటివాడికి ఇచ్చినట్టే. మిగిలిన వెంట్రుకవాసి సందును రబ్బరు అంచుతో మూసేయండి.

ఇప్పుడు పై అంచు. నేను మొదటిసారి మధ్యలో సరిగ్గా 10 అంగుళాలు కొలిచి, స్కేలు పెట్టి తిన్నగా గీత లాగాను. కింది అంచు చివర్లలో దిగుతుందని అప్పుడే కదా చెప్పాను! మధ్యలో 10 ఉంటే చివర్లలో 10 ముప్పావు తేలింది. పక్క కారాయన టేపు తెచ్చి, ఏమీ అనకుండా నవ్వి వెళ్లిపోయాడు. ఆ రాత్రి జిగ్‌సాతో ముప్పావు అంగుళం కోసి పారేశాను. పై అంచును స్కేలుతో గీయకూడదు. కింది అంచు మీద ప్రతి రెండంగుళాలకూ టేపు పెట్టి, షీటు ముఖం వెంటే తొమ్మిదిన్నర అంగుళాల దగ్గర చుక్క పెట్టి, చుక్కలు కలపండి. ఆ అర అంగుళం ఎవరి టేపు ఎలా వంగినా మిమ్మల్ని కాపాడుతుంది.

అట్ట కుదిరాక షీటు కోయడం పావుగంట పని. అంచులు ఆకురాయితో నున్నగా చేయండి.

షీటును ఎల్ యాంగిల్‌కు బిగించే బోల్టు 6 మి.మీ. అయితే నడిమి రంధ్రం తప్ప మిగతావన్నీ 8 మి.మీ. వేయండి. నాలుగడుగుల పాలీకార్బొనేట్ చలికాలం పొద్దుటికీ టెక్సస్ ఎండకూ మధ్య సుమారు 3 మి.మీ. సాగుతుంది. బిగించేస్తే రంధ్రాల దగ్గర చీలుతుంది. థ్రెడ్‌లాకర్ ద్రవం (నట్టు వదులు కాకుండా వేసే జిగురు) షీటుకు తగలనివ్వకండి, పగుళ్లు తెస్తుంది. అందుకే నైలాక్ నట్లు.

గంటకు 60 మైళ్ల దగ్గర ఆ పలక మీద గాలి తోపు నా లెక్కలో 11, 12 కిలోలు. కాబట్టి రెండు సన్నని కడ్డీలు ముందువైపు నుంచే ఆధారం ఇవ్వాలి. గాలి వెనక్కి తోస్తుంది కాబట్టి ముందున్న కడ్డీ లాగబడి నిలుస్తుంది, వెనక పెట్టిన సన్న కడ్డీ వంగిపోతుంది. డిక్కీ మూత రెండు పొరల రేకు. మధ్యలో బిగిస్తే సొట్ట పడుతుంది, పొరలు కలిసే అంచు దగ్గరే బోల్టు వేయండి.

మొదటి రన్ అయ్యాక నట్లన్నీ చేత్తో తడిమి చూడండి. డిక్కీ తెరిచినప్పుడు జాగ్రత్త, బరువు పెరిగింది కాబట్టి మూత ఇక పైన నిలవదు. నేను పాత చీపురు కర్ర ఒకటి డిక్కీలోనే ఉంచుతాను.