కరెంటు పరికరాలను దూరం నుంచి గమనించే తెర ఎలా ఉండాలి

చిత్తూరు జిల్లాలో ఒక పాలశీతలీకరణ కేంద్రానికి ఇలాంటి తెరను తయారుచేయబోయేవారు, అర్ధరాత్రి ఫోన్ మోగితే నిద్రలేచిన ఆపరేటర్ దాన్ని చూసి ఏ పని చేయాలో ముందుగా కాగితం మీద రాసుకోవాలి. పలమనేరు చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన పాలను 4 డిగ్రీల దగ్గర నిలపాల్సిన మనిషికి కావలసింది పాల ఉష్ణోగ్రత, లైన్‌లో కరెంటు ఉందా లేదా, జనరేటర్ ఆడుతోందా, డీజిల్ ఎంత మిగిలింది అన్నవే. వోల్టేజీ, పవర్ ఫ్యాక్టర్ వంటివి లోపలి పేజీలో ఉంటే చాలు. ఉష్ణోగ్రత 6 అని మాత్రమే చూపితే అది పెరుగుతోందో తగ్గుతోందో తెలియదు కాబట్టి, పక్కనే గడచిన రెండు గంటల గీతను కూడా చూపాలి.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది సమాచారం ఎప్పటిదో చెప్పడం. కొండల నడుమ ఊళ్లలో సిగ్నల్ పోయినప్పుడు తెర మీద పాత 4.1 అలాగే నిలిచిపోతే, అక్కడ పాలు విరిగిపోతున్నా ఇక్కడ ఆపరేటర్ నిశ్చింతగా పడుకుంటాడు. అందుచేత ప్రతి అంకె కింద అది ఎన్ని నిమిషాల క్రితం వచ్చిందో రాయాలి. నిమిషానికొకసారి రావలసిన రీడింగు వరుసగా మూడుసార్లు రాకపోతే అంకెను బూడిద రంగులోకి మార్చి, ‘సమాచారం రావడం లేదు’ అని స్పష్టంగా చెప్పాలి. ఆ చోట సున్నా మాత్రం చూపకూడదు, ఎందుకంటే సున్నా కూడా ఒక రీడింగే.

రంగుల విషయంలో మన దేశంలో చిక్కు ఒకటి ఉంది. మూడు ఫేజులను మనం ఆర్, వై, బి అని ఎరుపు, పసుపు, నీలం రంగులతో గుర్తిస్తాం. అవే రంగులను తెర మీద వాడితే, అంతా సవ్యంగా ఉన్నప్పుడు కూడా ఆర్ ఫేజు ప్రమాదంలో ఉన్నట్టు కనిపిస్తుంది. ఫేజులకు అక్షరాలు చాలు, ఎరుపును అలారానికే కేటాయించాలి.

తెర మీది జనరేటర్ స్టార్ట్ బటన్ నొక్కగానే ‘ఆదేశం పంపాం’ అని మాత్రమే చూపి, జనరేటర్ నుంచి వోల్టేజీ వచ్చిన తరువాతే ‘ఆడుతోంది’ అనాలి. జనరేటర్ ప్యానెల్ మీది స్విచ్ లోకల్‌లో, అంటే అక్కడి నుంచే నడిపే స్థితిలో ఉంటే అక్కడ ఎవరో చేతులు పెట్టి పనిచేస్తూ ఉండవచ్చు. అప్పుడు దూరం నుంచి స్టార్ట్ కాకుండా ప్యానెల్ వైరింగులోనే అడ్డు ఉండాలి.

ఇక తెలుగు అక్షరాలకు ఒత్తులు కింది వరుసను తాకకుండా ఇంగ్లీషు కన్నా ఎక్కువ ఎడం కావాలి. చివరగా, మిట్టమధ్యాహ్నం ఎండలో జనరేటర్ పక్కన నిలబడి, ఫోన్‌ను ఆపరేటర్ చేతికిచ్చి, ఏమీ వివరించకుండా ‘డీజిల్ ఎంతుంది?’ అని అడగండి. అతని వేలు ఎక్కడ తడబడిందో అక్కడ తెరను మార్చండి.