సీసీఆర్‌ఎన్ పరీక్షకు సిద్ధమయ్యే ఐసీయూ నర్సులకు

ఐసీయూలో పదేళ్లు పనిచేసిన నర్సు కూడా, తీవ్ర అనారోగ్య రోగుల సంరక్షణలో నైపుణ్యాన్ని ధ్రువీకరించే సీసీఆర్‌ఎన్ పరీక్ష నమూనా ప్రశ్నలు మొదటిసారి ముందు పెట్టుకున్నప్పుడు తడబడడం మామూలే. తన యూనిట్‌లో ఏ మందుతో మొదలుపెడతారో, ఏ అలారం మోగితే ఎవరిని పిలవాలో ఆమెకు కొట్టిన పిండి. పరీక్ష మాత్రం ఆ యూనిట్ అలవాటు గురించి అడగదు. ప్రశ్నలో వర్ణించిన రోగికి, ఆ క్షణంలో, ఆమోదం పొందిన మార్గదర్శకాల ప్రకారం నర్సు ముందుగా చేయవలసింది ఏమిటని అడుగుతుంది. ఈ రెండింటి మధ్య తేడా పట్టుబడేంత వరకు ఎన్ని పుస్తకాలు తిరగేసినా మార్కులు కదలవు, పట్టుబడిన తరువాత చదవవలసింది అనుకున్నంత ఎక్కువ కాదని తెలుస్తుంది.

అర్హత, పరీక్ష స్వరూపం

ఈ సర్టిఫికేషన్‌ను అమెరికాలో నిర్వహించేది ఏఏసీఎన్ సర్టిఫికేషన్ కార్పొరేషన్. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ క్రిటికల్ కేర్ నర్సెస్‌కు అనుబంధంగా ఇది 1975లో ఏర్పడింది. పెద్దలు, పిల్లలు, నవజాత శిశువులు అనే మూడు వర్గాలకు వేర్వేరు పరీక్షలు ఉన్నాయి. ఇక్కడ చెబుతున్నది పెద్దల పరీక్ష గురించి. అభ్యర్థికి అమెరికాలో ఆంక్షలేవీ లేని ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) లేదా ఏపీఆర్‌ఎన్ (ఉన్నత శిక్షణ పొందిన రిజిస్టర్డ్ నర్స్) లైసెన్సు ఉండాలి. దానితోపాటు తీవ్ర అనారోగ్యంలో ఉన్న రోగులకు స్వయంగా సేవ చేసిన గంటలు చూపాలి. గత రెండేళ్లలో 1,750 గంటలు, వాటిలో 875 చివరి ఏడాదిలో ఉండడం ఒక మార్గం. గత ఐదేళ్లలో 2,000 గంటలు, వాటిలో 144 చివరి ఏడాదిలో ఉండడం రెండో మార్గం. ఆ గంటలను ధ్రువీకరించగల పై అధికారి లేదా సహోద్యోగి పేరు దరఖాస్తులో ఇవ్వాలి కాబట్టి, వారికి ముందే ఒక మాట చెప్పి ఉంచడం మర్యాద, జాగ్రత్త కూడా.

పరీక్షలో 150 ప్రశ్నలు, మూడు గంటల సమయం. వాటిలో 125 ప్రశ్నలకే మార్కులు. మిగిలిన 25 భవిష్యత్తు పరీక్షల కోసం పరిశీలనలో ఉన్నవి, ఏవి అవో అభ్యర్థికి తెలియదు. అంటే ఎన్నడూ వినని విషయం మీద ఒక వింత ప్రశ్న ఎదురైతే అది లెక్కలోకి రానిదే కావచ్చు, దాని దగ్గర గుండె జారవిడుచుకోనక్కరలేదు. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు గనుక ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. లెక్కవేస్తే ఒక్కో ప్రశ్నకు 72 సెకన్లు వస్తాయి.

దరఖాస్తు ఆమోదం పొందాక పరీక్ష రాయడానికి 90 రోజుల గడువు ఉంటుంది. చాలామంది ముందు డబ్బు కట్టి, ఆ భయంతోనైనా చదువుతామని అనుకుంటారు. వారానికి మూడు పన్నెండు గంటల షిఫ్టులు చేసేవారికి ఈ పద్ధతి నేను సిఫారసు చేయను. ముందు నాలుగు వారాలు చదివి, ఒక నమూనా పరీక్ష రాసి, అప్పుడు దరఖాస్తు పెట్టుకుంటే 90 రోజులు గడువుగా ఉంటాయి తప్ప మెడ మీద కత్తిగా ఉండవు.

ప్రణాళికను చేతిలో పెట్టుకోండి

ఏఏసీఎన్ తన పరీక్షా ప్రణాళికను హ్యాండ్‌బుక్‌లో ఉచితంగా ఇస్తుంది. శాతాలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి కాబట్టి మీరు దరఖాస్తు చేసే నాటికి అమల్లో ఉన్న ప్రతినే దించుకోవాలి, సహోద్యోగి ఇచ్చిన పాత ప్రతి పనికిరాదు. నేను చూసిన ప్రణాళికల్లో నూటికి 80 వంతులు వైద్యపరమైన విచక్షణకు, 20 వంతులు వృత్తిపరమైన సంరక్షణకు, నైతికతకు కేటాయించారు. ఆ 80లో గుండె, ఊపిరితిత్తులది పెద్ద వాటా. ప్రణాళికలోని ప్రతి అంశం పక్కన మూడు గుర్తుల్లో ఒకటి పెట్టుకోండి: రోజూ చూస్తున్నది, అప్పుడప్పుడు చూసేది, ఎన్నడూ చూడనిది. గుండె ఐసీయూలో పనిచేసేవారికి మెదడు, గ్రంథుల విభాగాలు మూడో గుర్తులో పడతాయి. న్యూరో యూనిట్ వారికి బెలూన్ పంపు (మహాధమనిలో ఉబ్బుతూ ముడుచుకుంటూ గుండెకు సాయపడే పరికరం) పడుతుంది. మూడో గుర్తు పడినవాటితోనే చదువు మొదలుపెట్టాలి. తెలిసిన విషయాన్ని మళ్లీ మళ్లీ చదవడంలో ఒక హాయి ఉంటుంది, ఆ హాయి కోసమే వారాలు గడిచిపోతుంటాయి.

హీమోడైనమిక్స్: ఇక్కడ తొందర వద్దు

ఈ పరీక్షలో ఒక్క విషయం మీద ఎక్కువ సమయం పెట్టదలిస్తే అది హీమోడైనమిక్స్ (రక్తప్రసరణలోని పీడనాలు, ప్రవాహం) మీదే పెట్టాలి, ఎందుకంటే అది గుండె విభాగంతో ఆగదు. షాక్ (అవయవాలకు చాలినంత రక్తం అందకపోవడం), సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించడం), శస్త్రచికిత్స తరువాతి సమస్యలు, కిడ్నీ వైఫల్యం అన్నిటిలోనూ తలెత్తుతుంది. తెల్లకాగితం మీద నాలుగు నిలువు గళ్లు గీసి, పైన సీవీపీ (గుండె కుడివైపుకు చేరే సిరల్లోని పీడనం), వెడ్జ్ ప్రెషర్ (గుండె ఎడమవైపు నిండే పీడనం), కార్డియాక్ ఇండెక్స్ (శరీర పరిమాణాన్నిబట్టి గుండె నిమిషానికి పంపే రక్తం), ఎస్‌వీఆర్ (రక్తప్రవాహానికి నాళాల నిరోధం) అని రాయండి. వాటి కింద సాధారణ విలువలుగా వరుసగా 2–6, 8–12, 2.5–4, 800–1,200 వేసుకోండి. పుస్తకాన్నిబట్టి ఒకటి రెండు అంకెలు అటూ ఇటూ ఉంటాయి, దాని గురించి బెంగ అనవసరం. తరువాత ఒక్కో రకం షాక్‌కు ఒక్కో వరుస నింపండి, కానీ బాణం గుర్తులను బట్టీ పట్టకుండా కారణం పైకి చెప్పుకుంటూ నింపండి.

రక్తం కోల్పోయిన రోగిలో గుండెకు తిరిగివచ్చే రక్తమే తక్కువ, కాబట్టి మొదటి రెండు విలువలు పడిపోతాయి. వచ్చింది తక్కువ కనుక పంపేదీ తక్కువే. పీడనాన్ని నిలబెట్టడానికి నాళాలు బిగుసుకుంటాయి, అందుకే ఎస్‌వీఆర్ పెరుగుతుంది. గుండె కండరమే దెబ్బతిన్నప్పుడు రక్తం వెనుక నిలిచిపోయి మొదటి రెండూ పెరుగుతాయి, ఇండెక్స్ తగ్గుతుంది, ఎస్‌వీఆర్ ఇక్కడా పెరుగుతుంది. సెప్సిస్ తొలిదశలో నాళాలు వదులైపోయి ఎస్‌వీఆర్ పడిపోతుంది, ఇండెక్స్ సాధారణంగానో ఎక్కువగానో కనిపిస్తుంది. కణాలు ఆక్సిజన్‌ను వాడుకోలేకపోవడం వల్ల సిరల్లోని ఆక్సిజన్ శాతం కూడా ఎక్కువగా ఉండి కొత్తవారిని మోసగిస్తుంది. టాంపొనేడ్‌లో (గుండె చుట్టూ ద్రవం చేరి దాన్ని నొక్కడం) గుండె చుట్టూ ఒత్తిడి ఒకేలా ఉంటుంది కాబట్టి సీవీపీ, వెడ్జ్ దాదాపు సమానమవుతాయి. వెన్నుపాము గాయం వల్ల వచ్చే షాక్‌లో బీపీతోపాటు నాడి వేగం కూడా తగ్గడమే ఆనవాలు. ఈ పట్టికను చూడకుండా ఐదు నిమిషాల్లో మళ్లీ గీయగలిగే వరకు రోజూ గీయండి. చేతికి వచ్చిన తరువాత ఏ మందు ఎందుకు వాడతారో విడిగా చదవనక్కరలేదు. ఎస్‌వీఆర్ పడిపోయిన రోగికి ద్రవాలతోపాటు నాళాలను బిగించే నారెపినెఫ్రిన్ ఎందుకు మొదటి ఎంపికో, ఎస్‌వీఆర్ ఇప్పటికే ఎక్కువగా ఉన్న బలహీన గుండెకు ఆఫ్టర్‌లోడ్ (రక్తాన్ని బయటికి పంపడానికి గుండె ఎదుర్కొనే భారం) తగ్గించడం ఎందుకు మేలో పట్టికే చెబుతుంది.

ఈ ఆలోచన ప్రశ్నలో ఎలా కనిపిస్తుందో చూడండి. ఇన్‌ఫీరియర్ ఎంఐతో (గుండె కింది గోడకు వచ్చిన గుండెపోటుతో) వచ్చిన రోగికి నైట్రోగ్లిజరిన్ ఇచ్చిన వెంటనే బీపీ 74/40కి పడిపోయింది. ఊపిరితిత్తుల్లో చప్పుళ్లు లేవు, మెడ సిరలు ఉబ్బి ఉన్నాయి. బీపీ పడిపోగానే వాసోప్రెసర్ (నాళాలను బిగించి బీపీ పెంచే మందు) వైపు చేయి వెళ్లడం యూనిట్ అలవాటు. ప్రశ్న ఇచ్చిన ఆధారాలు మాత్రం కుడి జఠరిక దెబ్బతిన్నదని సూచిస్తున్నాయి: ఈసీజీలో లీడ్ 2, 3, ఏవీఎఫ్‌లలో మార్పు, ఎక్కువమందిలో కుడి కరోనరీ ధమని సమస్య, ప్రీలోడ్ (గుండెకు తిరిగివచ్చే రక్తం) మీద ఆధారపడిన కుడి గుండె. నైట్రేటు ఆపి, కుడివైపు ఈసీజీలో వీ4ఆర్ లీడ్ చూసి, ద్రవం ఎక్కించడమే ఇక్కడి దారి. ఇలాంటి ప్రశ్నలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్న చిన్న మాటే కీలకం. దాన్ని ఊరికే రాయరు.

పీడనాన్ని కొలిచే ట్రాన్స్‌డ్యూసర్‌ను నాలుగో పక్కటెముకల సందు ఎత్తులో, ఛాతీ మందంలో సగం దగ్గర నిలపాలన్న సంగతి, అంతకంటే కిందికి పెడితే విలువ తప్పుగా ఎక్కువ వస్తుందన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. అయినా ఒకసారి రాసి చూసుకోండి. బెలూన్ పంపు డయాస్టొలీ (గుండె సడలే దశ) ఆరంభంలో, డైక్రోటిక్ నాచ్ (అయోర్టిక్ కవాటం మూసుకున్నట్టు తరంగంలో కనిపించే గాటు) దగ్గర ఉబ్బి, సిస్టొలీకి (గుండె ముడుచుకునే దశకు) ముందే ముడుచుకుంటుంది. అయోర్టిక్ కవాటం కారుతున్నవారికి అది పనికిరాదు. ఎందుకు పనికిరాదో మీ మాటల్లో చెప్పగలిగితే ఆ విభాగం వచ్చినట్టే.

మిగిలిన విభాగాలు

వెంటిలేటర్ ప్రశ్నలకు ఒకే సూత్రం చాలావరకు సరిపోతుంది. పీక్ ప్రెషర్ (గాలి లోపలికి వెళ్లేటప్పటి గరిష్ఠ పీడనం) పెరిగి ప్లాటో (గాలిని నిలిపి ఉంచినప్పటి పీడనం) అలాగే ఉంటే గొట్టంలోనో శ్వాసనాళాల్లోనో అడ్డు ఉంది: కఫం, గొట్టం మడతపడడం, రోగి కొరకడం, బ్రాంకోస్పాజం (శ్వాసనాళాలు బిగుసుకోవడం). రెండూ పెరిగితే ఊపిరితిత్తి గట్టిపడిందని లేదా న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) వంటిది నొక్కుతున్నదని అర్థం. ఏఆర్‌డీఎస్‌లో (తీవ్ర శ్వాస వైఫల్యంలో) టైడల్ వాల్యూమ్ (ఒక్కో శ్వాసకు ఇచ్చే గాలి) కిలోకు 6 మిల్లీలీటర్ల చొప్పున లెక్కించేది రోగి తూకం మీద కాదు, ఎత్తునుబట్టి వచ్చే అంచనా బరువు మీద; ప్లాటోను 30 దాటనివ్వకూడదు. ఏబీజీలు (ధమని రక్తంలోని వాయువుల పరీక్ష ఫలితాలు) రోజుకు ఐదు చొప్పున రెండు వారాలు సాధన చేస్తే చాలు.

గ్రంథుల విభాగంలో జంటలను పక్కపక్కన పెట్టి చదవాలి. డీఐలో (డయాబెటిస్ ఇన్‌సిపిడస్) మూత్రం ధారగా పోయి సోడియం పెరుగుతుంది, ఎస్‌ఐఏడీహెచ్‌లో (ఏడీహెచ్ హార్మోన్ అతిగా విడుదలవడం) నీరు నిలిచి సోడియం తగ్గుతుంది. డీకేఏలో (మధుమేహంలో కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లమవడం) ఇన్సులిన్ కంటే ముందు ద్రవం, పొటాషియం 3.0 దగ్గర ఉంటే ముందు పొటాషియం ఎక్కించాలి, ఎందుకంటే ఇన్సులిన్ ఉన్న కాస్తనూ కణాల్లోకి నెడుతుంది. మెదడు విభాగంలో సీపీపీ (మెదడుకు రక్తాన్ని అందించే పీడనం) అంటే ఎంఏపీలోంచి (సగటు ధమని పీడనంలోంచి) ఐసీపీని (పుర్రెలోని పీడనాన్ని) తీసివేయగా మిగిలినది: ఎంఏపీ 75, ఐసీపీ 25 అయితే 50, అంటే మెదడుకు చాలని రక్తం. చర్మం, కండరాల విభాగాలకు ఒక వారాంతం చాలు.

వృత్తిపరమైన సంరక్షణ, నైతికత విభాగానికి ఆధారమైన సినర్జీ మోడల్‌ను (రోగి అవసరాలకు నర్సు సామర్థ్యాలను జతపరిచే ఏఏసీఎన్ నమూనా) నర్సులు చిన్నచూపు చూస్తారు. నూటికి 20 వంతులంటే 125లో 25 ప్రశ్నలు. ఈ నమూనా రోగి లక్షణాలను ఎనిమిదిగా, నర్సు సామర్థ్యాలను ఎనిమిదిగా చెబుతుంది. పేర్లు వల్లించడం కంటే ఏ సన్నివేశంలో ఏది పనిచేస్తుందో గుర్తించడం ముఖ్యం. సీపీఆర్ జరుగుతుండగా కుటుంబసభ్యులు లోపల ఉంటామంటే ఏం చేయాలి? చాలా యూనిట్లలో వారిని బయటికి పంపేస్తారు. ఏఏసీఎన్ వైఖరి దీనికి భిన్నం: వారికి తోడుగా ఒకరిని నిలిపి, ఏం జరుగుతోందో వివరిస్తూ, ఉండనివ్వాలి. అలాగే కుటుంబంతో విభేదం వచ్చిన ప్రశ్నలో నియమావళిని చదివి వినిపించే జవాబు, పూర్తిగా డాక్టరు మీదికి నెట్టే జవాబు సాధారణంగా తప్పవుతాయి. వారు ఏమనుకుంటున్నారో ముందు వినే జవాబును వెతకండి.

ప్రశ్నలతో పని

చదివిన ప్రతి గంటకూ ఒక గంట ప్రశ్నలకు కేటాయించండి. ఒక్కసారికి 25 ప్రశ్నలు, 30 నిమిషాలు. తరువాత అసలు పని మొదలవుతుంది: ఒప్పయినవాటితో సహా ప్రతి జవాబుకూ వివరణ చదవాలి, మిగతా మూడు ఎందుకు కావో చెప్పుకోవాలి. తప్పులకు ఒక పుస్తకం పెట్టి, ప్రతి తప్పు పక్కన కారణం రాయండి: తెలియలేదా, ప్రశ్నను సరిగా చదవలేదా, యూనిట్ అలవాటుతో రాశారా? నేను ఇలా రాసుకున్నప్పుడు మూడో కారణం మొదటిదానికంటే ఎక్కువసార్లు కనిపించి సిగ్గుపడ్డాను. కానీ ఆ తరువాత చదువు సగానికి తగ్గింది.

‘మొదట’ అని అడిగిన ప్రశ్నలో మూడు జవాబులు కూడా సరైన పనులే కావచ్చు, వరుసే ప్రశ్న. రోగిని పరీక్షించడమా, చర్య తీసుకోవడమా అన్న సందిగ్ధం వస్తే, పరీక్షించగా తెలిసేది ప్రశ్నలోనే ఇచ్చారేమో చూడండి. ఇచ్చి ఉంటే మళ్లీ పరీక్షించడం కాలయాపన, చర్య తీసుకోవాలి. శ్వాస గొట్టం ఊడిపోయిందని ప్రశ్నే చెబుతుంటే ఆక్సిజన్ సాచురేషన్ చూడమనే జవాబు ఎర మాత్రమే.

పరీక్షకు పది రోజుల ముందు 150 ప్రశ్నలను మూడు గంటలపాటు, ఫోన్ పక్కగదిలో పెట్టి, ఒక్క బిగిన రాయండి. వందో ప్రశ్న దాటాక చదువు తగ్గిందో, ఓపిక తగ్గిందో దీనితో తేలిపోతుంది.

పరీక్ష రోజు, ఆ తరువాత

నైట్ షిఫ్ట్ దిగి నేరుగా పరీక్షకు వెళ్లవద్దు. మధ్యలో కనీసం రెండు రాత్రుల నిద్ర ఉండాలి. రోజూ సాయంత్రం మేలుకునే శరీరానికి ఉదయం ఎనిమిది గంటల సమయం ఎంచుకోవడం తెలివి కాదు. గుర్తింపు పత్రంలోని పేరు దరఖాస్తులో రాసిన పేరుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. ఇంటిపేరు ముందూ వెనకా అయినవారు దీన్ని వారం ముందే సరిచూసుకోవాలి. పరీక్ష మొదలవగానే ఇచ్చిన రాత పలకపై ఆ నాలుగు గళ్ల పట్టికను ఒకసారి గీసి పెట్టుకోండి. 72 సెకన్లలో తేలని ప్రశ్నకు ఒక జవాబు గుర్తించి, జెండా పెట్టి ముందుకు సాగండి. తిరిగి వచ్చినప్పుడు చదవడంలో పొరపాటు కనబడితేనే జవాబు మార్చండి, అనుమానం మాత్రమే ఉంటే వదిలేయండి.

ఉత్తీర్ణులైతే సర్టిఫికేషన్ మూడేళ్లు ఉంటుంది. మళ్లీ పరీక్ష రాయకుండా పునరుద్ధరించుకోవాలంటే ఆ మూడేళ్లలో 432 గంటల ప్రత్యక్ష సేవ, వాటిలో 144 చివరి ఏడాదిలో, దానితోపాటు 100 సెర్ప్ పాయింట్లు (నిరంతర విద్యకు ఇచ్చేవి) కావాలి. తరగతులకు హాజరైన పత్రాలన్నిటినీ మొదటి నెల నుంచే ఒక ఫోల్డర్‌లో దాచుకుంటే మూడో ఏడాది చివర వాటికోసం పాత ఈమెయిళ్లు వెతుక్కునే పని ఉండదు.