కొండ దిగాక మోకాలు నొప్పా? ‘గుజ్జు అరిగింది’ అనుకునే ముందు

అలిపిరి దారిలో మెట్లు 3,550, శ్రీవారి మెట్టు దారిలో 2,388. ఎక్కొచ్చిన మర్నాడు మోకాలు పట్టేస్తే తిరుపతిలో ఎవరిని అడిగినా ఒకటే మాట: గుజ్జు అరిగిపోయింది. అది గుజ్జేమీ కాదు. ఎముకల చివర్లకు అతుక్కుని, కొబ్బరి ముక్కలా తెల్లగా, నున్నగా, గట్టిగా ఉండే మృదులాస్థి. దానికి రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. నరం లేనిది నొప్పెట్టదు. నొప్పి వచ్చేది కింది ఎముక నుంచో, కీలు లోపలి పొర నుంచో, చుట్టూ ఉన్న కండరాల నుంచో. కాబట్టి ఎక్కడ నొప్పి, ఎప్పుడు నొప్పి అన్నది ముందు తేల్చుకోవాలి.

సమస్య: ఎక్కేటప్పుడు బాగానే ఉంది, దిగేటప్పుడు చిప్ప చుట్టూ నొప్పి. బస్సులో కాళ్లు మడిచి కూర్చుని లేవగానే ఇంకా ఎక్కువ.

కారణం: మెట్టు దిగేటప్పుడు ఒంటి బరువంతా వంగిన మోకాలి మీద పడుతుంది. చిప్ప తొడ ఎముక గాడికి ఒంటి బరువుకు మూడింతల దాకా ఒత్తుకుంటుంది. తొడ ముందు కండరం అలసిపోతే చిప్ప గాడిలో సరిగ్గా జారదు.

పరిష్కారం: రెండు వారాలు మెట్లు, గొంతుకు కూర్చోవడం తగ్గించండి. వెల్లకిలా పడుకుని, చుట్టిన తువ్వాలు మోకాలి కింద పెట్టి, దాన్ని నేలకేసి 5 సెకన్లు నొక్కి వదలండి. పదేసి సార్లు, రోజుకు మూడు విడతలు. మెట్లు తప్పనప్పుడు రెయిలింగ్ పట్టుకుని, ఎక్కేటప్పుడు మంచి కాలు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు వేయండి. ఒక కిలో తగ్గితే నడకలో అడుగడుగునా మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. బెల్టుల కంటే ఇదే మేలు.

సమస్య: వాపు.

ఎంతసేపటికి వచ్చిందో గుర్తు చేసుకోండి. కాలు మెలిపడ్డ రెండు గంటల్లోపే ఉబ్బితే లోపల రక్తం చేరి ఉండొచ్చు. లిగమెంట్ (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) తెగడమో, ఎముక చిట్లడమో. తెల్లారేసరికి మెల్లగా ఉబ్బితే ఎక్కువగా మెనిస్కస్ (ఎముకల మధ్య నెలవంక ఆకారంలో ఉండే మెత్త) చిరుగు, లేదా లోపలి పొర రేగి ఊరిన నీరు. కాలు చాపి, చిప్పకు కాస్త పైన తొడను ఒక చేత్తో చిప్ప వైపు నొక్కి పట్టుకుని, రెండో చేత్తో చిప్పను లోపలి ఎముక వైపు తట్టండి. నీరు చేరి ఉంటే చిప్ప కాస్త దిగి టక్కున ఎముకకు తగులుతుంది. గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. మొదటి రెండు రోజులు వేడి కాపడం, నూనె మర్దనా వద్దు. రక్తం చేరిందనిపిస్తే ఆ రోజే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి.

సమస్య: మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి చాపుకు రాదు.

మడమ కింద చెయ్యి పెట్టి ఇంకొకరు మెల్లగా ఎత్తితే కాలు చాపుకు వస్తే అది నొప్పి వల్ల బిగిసిందే. వాళ్లు ఎత్తినా రాకపోతే చిరిగిన మెనిస్కస్ ముక్క అడ్డుపడి ఉండొచ్చు. గుంజి సరిచేయించుకోవద్దు, చిరుగు పెద్దదవుతుంది. ఎమ్మారై తీయించాల్సిందే.

నొప్పి, వాపు లేకుండా టిక్కుటిక్కుమనే శబ్దం జబ్బు కాదు.

పొద్దున బిగుతు అరగంటలోపు సడలితే అరుగుదల వైపు, గంట దాటినా సడలకపోతే కీళ్లవాతం వైపు చూడాలి. రెండో దానికి రక్తపరీక్షలు కావాలి. మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర వారాల తరబడి మింగితే కడుపు, కిడ్నీలు పాడయ్యే ప్రమాదం ఉంది.

జ్వరంతో మోకాలు ఎర్రగా, వేడిగా ఉబ్బి, కదిలిస్తే కేకపెట్టేంత నొప్పి ఉంటే కీలులో చీము పట్టి ఉండొచ్చు. చీము కొద్ది రోజుల్లోనే మృదులాస్థిని తినేస్తుంది. తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.