హెచ్‌ఐవి తుది ఫలితం కోసం ఎదురుచూసే రోజుల్లో జాగ్రత్తలు

హెచ్‌ఐవి సోకిందేమోనన్న అనుమానం కలిగిన రోజుకూ, పరీక్ష ఫలితాన్ని పూర్తిగా నమ్మగలిగే రోజుకూ నడుమ కొన్ని వారాల ఎడం ఉంటుంది. ఒడిశాలోని బరంపురంలోనో పర్లాకిమిడిలోనో, గుణుపురం, రాయగడ వైపునో ఉంటూ, ఆ వారాలను ఎవరికీ చెప్పుకోలేక గడుపుతున్న తెలుగువారి కోసం ఈ జాగ్రత్తలు రాస్తున్నాను. ఈ భయంలో చాలా భాగం ఏ రోజున ఏది తేలుతుందో తెలియకపోవడం వల్ల కలిగేదే కాబట్టి, ముందుగా రోజుల లెక్క తెలుసుకోవాలి.

అనుమానించిన సంఘటన జరిగి ఇంకా 72 గంటలు దాటకపోతే, ఈ వ్యాసం పక్కన పెట్టి వెంటనే ప్రభుత్వ పెద్దాసుపత్రికి వెళ్లండి. వైరస్ శరీరంలో స్థిరపడకుండా అడ్డుకునే పెప్ మందులను ఆ గడువులోపే, ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా మొదలుపెట్టి, 28 రోజులు మానకుండా వాడాలి.

గడువు దాటినవారు ఎదురుచూడవలసింది విండో పీరియడ్, అంటే వైరస్ సోకినా పరీక్షకు చిక్కని కాలం, ముగిసే వరకు. వైరస్ ప్రవేశించిన వెంటనే ఏ పరీక్షా దానిని పట్టుకోలేదు. నరం నుంచి రక్తం తీసి ల్యాబులో వైరస్ భాగమైన యాంటిజెన్‌ను, వైరస్‌ను ఎదుర్కొనేందుకు శరీరం తయారుచేసే యాంటీబాడీలను కలిపి చూసే పరీక్ష సాధారణంగా 18 నుంచి 45 రోజుల్లో పట్టుకోగలదు. యాంటీబాడీలను మాత్రమే చూసే పరీక్షలకు 23 నుంచి 90 రోజులు పట్టవచ్చు. అందుచేత సంఘటన జరిగిన రోజు నుంచి 90 రోజులు లెక్కించి, ఆ తేదీని మీకు మాత్రమే అర్థమయ్యేలా క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. ఆరు వారాలకు చేయించుకున్న పరీక్షలో నాన్ రియాక్టివ్ (వైరస్ జాడ కనబడలేదు) అని వస్తే అది చాలా ఊరటనిచ్చే మాటే గానీ, మూడు నెలల పరీక్షను మానుకోవడానికి కారణం కారాదు. పెప్ వాడినవారు డాక్టరు చెప్పిన తేదీనే పాటించాలి.

ఈ లోగా మనిషిని ఎక్కువగా వేధించేది తన శరీరమే. రోజుకు పదిసార్లు మెడ కింద గడ్డల కోసం తడుముకోవడం, నాలుకను అద్దంలో చూసుకోవడం, నుదుటిపై చెయ్యి వేసుకోవడం అలవాటుగా మారిపోతుంది. నొక్కినచోటే మళ్లీమళ్లీ నొక్కడం వల్ల అక్కడ నిజంగానే నొప్పి పుట్టి, ఆ నొప్పి కొత్త భయానికి కారణమవుతుంది. లక్షణాలను బట్టి హెచ్‌ఐవి ఉందనీ లేదనీ ఎవరూ తేల్చలేరు. పైగా రాయగడ, కోరాపుట్, గజపతి కొండ ప్రాంతాల్లో జ్వరం వస్తే మొదట అనుమానించవలసింది మలేరియాను. హెచ్‌ఐవి భయంతో ముడుచుకుని పడుకుని, మలేరియా రక్తపరీక్ష చేయించుకోకపోవడం ప్రాణానికే ముప్పు. ఫోనులో లక్షణాలు వెతకడం పూర్తిగా మానలేకపోతే, సాయంత్రం ఒక అరగంట దానికి కేటాయించి, పడుకునే ముందు మాత్రం ఫోనును మరో గదిలో పెట్టండి. నిద్ర కోసం మద్యాన్ని ఆశ్రయించవద్దు. అది కాసేపు మత్తునిచ్చి, తెల్లవారుజామున రెట్టింపు కలవరంతో లేపుతుంది. రోజువారీ పని మానవద్దు.

గుట్టు దాచగల ఒక్క మనిషికి చెప్పుకోండి. పదిమందికి చెప్పవలసిన అవసరం లేదు. అలాంటివారు లేకపోతే హెచ్‌ఐవి సందేహాలకు 1097కూ, మనసు తట్టుకోలేనప్పుడు టెలీ మానస్ నంబరు 14416కూ ఉచితంగా ఫోను చేసి, తెలుగులో మాట్లాడేవారిని అడగవచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తే తెల్లవారేదాకా ఆగకుండా అప్పుడే ఫోను చేయండి.

ఊళ్లో తెలిసిపోతుందన్న భయంతో పర్లాకిమిడి నుంచి పాతపట్నానికో, బరంపురం నుంచి ఇచ్ఛాపురానికో వెళ్లి పరీక్ష చేయించుకోవడంలో తప్పులేదు. అయితే వారం వారం కొత్త ల్యాబుకు పరుగెత్తడం నాకు సమ్మతం కాదు. విండో పీరియడ్ పూర్తికాక ముందు ఎన్ని పరీక్షలు చేయించినా తుది మాట దొరకదు, డబ్బూ మనశ్శాంతీ రెండూ పోతాయి. ప్రభుత్వ ఐసీటీసీలో (హెచ్‌ఐవి సలహా, పరీక్షా కేంద్రంలో) పరీక్ష ఉచితం. 2017 నాటి హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ సమ్మతి లేకుండా పరీక్ష చేయడం గానీ, ఫలితాన్ని ఇతరులకు వెల్లడించడం గానీ కూడదు. సెలవుకు ఇంటికి వచ్చి మళ్లీ సూరత్ వంటి చోట్లకు పనికి వెళ్లేవారు, 90 రోజుల తేదీ అక్కడ ఉండగా వస్తే, అక్కడి ఐసీటీసీలోనే చేయించుకోవచ్చు.

తుది ఫలితం వచ్చేవరకు భార్యతో గానీ భర్తతో గానీ, ఎవరితోనైనా సరే, కండోమ్ లేకుండా కలవకూడదు. కారణం ఎలా చెప్పాలో తోచకపోతే కౌన్సెలర్‌ను అడగండి. ఉచితంగా పరీక్ష జరుగుతుందన్న ఉద్దేశంతో రక్తదానానికి మాత్రం అసలు వెళ్లకండి. విండో పీరియడ్‌లోని రక్తం పరీక్షకు చిక్కకుండా మరొకరికి ఎక్కే ప్రమాదం ఉంది. పాలిచ్చే తల్లులు వెంటనే డాక్టరును సంప్రదించాలి. పిల్లలను ఎత్తుకోవడం, కలిసి భోంచేయడం వంటివి మానవద్దు. వాటివల్ల హెచ్‌ఐవి సోకదు, దోమకాటు వల్లా సోకదు.

ఫలితం తీసుకునే రోజున ఒడియాలో చెప్పింది అర్థం కాకపోతే తలూపి వచ్చేయకుండా, మీకు తెలిసిన భాషలో మళ్లీ చెప్పమని కోరండి. మొదటి కిట్టు రియాక్టివ్ (వైరస్ జాడ ఉన్నట్టు) అని చూపినంత మాత్రాన రోగనిర్ధారణ అయినట్టు కాదు. మరో రెండు వేర్వేరు కిట్లతోనూ చూసి నిర్ధారిస్తారు. నిర్ధారణ అయితే హెచ్‌ఐవికి చికిత్స చేసే ఎ.ఆర్.టి. కేంద్రంలో ఉచిత మందులు ఎప్పుడు మొదలవుతాయో ఆ రోజే అడిగి తెలుసుకోండి; క్రమం తప్పక మందులు వేసుకుని, రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి తగ్గి అలాగే కొనసాగితే లైంగికంగా మరొకరికి సోకదు. 90 రోజుల తరువాత నాన్ రియాక్టివ్ అని వచ్చి, ఆ మధ్యలో కొత్త ప్రమాదమేదీ లేకపోతే మరో పరీక్ష అక్కరలేదు.