నీస్ సంతలో గుడ్డను తిరగేసి చూడండి

బందరులో మా నాన్నగారిది జవుళి కొట్టు. బేరానికి వచ్చినవాళ్లు ధర అడిగితే ఆయన ముందు గుడ్డను తిరగేసి చూపించేవారు. "వెనకవైపు చూశాక అడగండమ్మా" అనేవారు. పదకొండేళ్లుగా నేను ఫ్రాన్స్ దక్షిణ తీరంలో, నీస్ నగరానికి దగ్గర్లోని ఆంతీబ్‌లో ఉంటున్నాను. ప్రతి వేసవికీ విజయవాడ నుంచో హైదరాబాద్ నుంచో మావాళ్లు ఎవరో ఒకరు వస్తారు. మొదటిరోజు సముద్రం చూస్తారు. రెండోరోజు నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న: ఇక్కడ ఏం కొనాలి, ఎక్కడ కొనాలి? అందరికీ విడివిడిగా చెప్పేదే ఈసారి ఒకచోట రాస్తున్నాను.

ముందు ఏ సంత ఏ వారమో గుర్తుపెట్టుకోండి. నీస్ పాతబస్తీలోని కూర్ సలేయాలో పూలు, కూరగాయల సంత మంగళవారం నుంచి ఆదివారం దాకా ఉంటుంది. సోమవారం అదే చోట పాత సామాన్ల అంగళ్లు వెలుస్తాయి. కాన్‌లోని ఫోర్‌విల్ సంతదీ అదే పద్ధతి. సెయింట్ ట్రోపేలో ప్లాస్ దె లీస్ చెట్ల కింద మంగళవారం, శనివారం పొద్దున మాత్రమే. ఆంతీబ్‌లో కూర్ మసేనా మీద పొడవాటి కప్పు కింద జరిగే సంత వేసవిలో రోజూ ఉంటుంది, మిగతా కాలంలో సోమవారం సెలవు. ఎక్కడైనా సరే, కూరగాయల సంత పొద్దుటి పనే. ఒంటిగంట, ఒంటిగంటన్నరకల్లా బల్లలు ఎత్తేసి నీళ్లు కొట్టి కడిగేస్తారు. తొమ్మిదిలోపు వెళ్లండి. మావాళ్లు ఫలహారం చేసి, ఫొటోలు తీసుకుంటూ పదకొండున్నరకి చేరతారు. అప్పటికి మంచి సరుకు పోయి, ఎండా రద్దీ మిగులుతాయి.

కూర్ సలేయా అందమైనదే, చూసి తీరాలి. వారం పాటు వంటిల్లున్న గది తీసుకుని వండుకునేవాళ్లు మాత్రం కూరగాయలకి అక్కడికి వెళ్లకండి. ఒకటో నంబరు ట్రామ్ ఎక్కి లిబెరాసియోఁ దగ్గర దిగండి. ఊరివాళ్లు కొనుక్కునే సంత అది. సంచీ మాత్రం ఇంటి నుంచే తీసుకెళ్లండి, కాస్త చిల్లర కూడా దగ్గర ఉంచుకోండి.

ఇప్పుడు మర్యాద సంగతి. దీన్ని చిన్న విషయం అనుకోవద్దు. బల్ల ముందు నిలబడ్డా, కొట్టులోకి అడుగుపెట్టినా, మొదటి మాట "బోంజూర్", అంటే నమస్కారం, అయి ఉండాలి. అది అనకుండా "హౌ మచ్" అంటే వాళ్లకి మనం పలకరించకుండా ఇంట్లోకి దూరినట్టే. ఆ ఒక్క మాటతో ముఖాలు మారిపోవడం నేను వందసార్లు చూశాను. వెళ్లేటప్పుడు ఏమీ కొనకపోయినా "మెర్సీ, ఓ రెవ్వార్" అని చెప్పి రండి. కొట్టులో ఊరికే చూస్తున్నామని చెప్పాలంటే "జ రెగార్ద్, మెర్సీ" అంటే చాలు, వెంటపడరు.

రెండోది, పళ్లని తాకకూడదు. మా అత్తయ్య రైతుబజారు అలవాటు కొద్దీ పీచ్ పళ్లని ఒక్కొక్కటీ నొక్కి చూస్తుంటే అమ్మే ఆవిడ పరుగున వచ్చి బుట్ట పక్కకి లాగేసుకుంది. అత్తయ్యకి చాలా బాధ కలిగింది. ఇక్కడ ఎంచి ఇచ్చే పని అమ్మేవాళ్లది. ఖర్బూజా అడిగితే "ఈరోజు తింటారా, రేపా?" అని అడుగుతారు. ఈరోజంటే పూర్తిగా పండింది, రేపంటే కాస్త గట్టిది, తొడిమ వాసన చూసి మరీ తీసి ఇస్తారు. ఆ మాట మీద నమ్మకం పెట్టుకోవచ్చు. కూరగాయల దగ్గర బేరం ఆడరు. సోమవారం పాత సామాన్ల దగ్గర మాత్రం ఆడవచ్చు, అక్కడ అది మామూలే. రెండు మూడు వస్తువులు కలిపి పక్కన పెట్టి "అన్నిటికీ కలిపి ఎంత?" అని అడగండి. పదో పరకో తగ్గుతుంది. సగానికి అడిగితే ముఖం తిప్పుకుంటారు.

శాకాహారులకి ఒక మాట. నీస్‌లో సోకా అని పెద్ద రాగి పళ్లెంలో కాల్చి ముక్కలు చేసి అమ్ముతారు. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. మిరియాల పొడి చల్లుకుని వేడిమీద తింటే మన పెసరట్టు మీద బెంగ కొంత తీరుతుంది. ఉల్లిపాయలు పరిచిన పిసలాదియేర్ రొట్టె చూడటానికి శాకాహారంలా ఉన్నా అందులో చిన్నచేపలు ఉంటాయి. సీసాలో అమ్మే నల్ల ఆలివ్ ముద్ద, తపెనాద్, అందులోనూ సాధారణంగా ఉంటాయి. "సాఁ జాంశ్వా?", అంటే ఆ చేపలు లేనిదేనా అని అడిగి కొనండి.

ఆలివ్ నూనె కొనదలిస్తే రుచి చూపించే కొట్టులోనే కొనండి. నీస్ చుట్టుపక్కల కొండల్లో పండేది కైయెతియే అనే చిన్న ఆలివ్. దాని నూనె ఘాటుగా ఉండదు, బాదం వాసనలా మెత్తగా ఉంటుంది. సీసా మీద "నీస్" అన్న ఊరి పేరుతో పాటు ఎ.ఓ.పి. ముద్ర ఉందా చూడండి. ఆ ముద్ర ఉంటే కాయ పండిన చోటు నుంచి నూనె తీసిన చోటు దాకా ఆ ప్రాంతానిదే. ఒట్టి ప్రోవాన్స్ (ఈ దక్షిణ ప్రాంతం పేరు) బొమ్మలు వేసిన అందమైన డబ్బాలో నూనె ఏ దేశానిదైనా కావచ్చు, వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.

ఇక గుడ్డల దగ్గరికి వద్దాం, నాకు ఇష్టమైన చోటు ఇదే. పసుపు మీద నీలం, ఎరుపు మీద చిన్న చిన్న పూలు, మామిడిపిందెలు ఉన్న టేబుల్ గుడ్డలు, సంచులు ప్రతి సంతలోనూ వేలాడుతుంటాయి. వీటినే ప్రోవాన్స్ గుడ్డలంటారు. పాతవాళ్లు ఇప్పటికీ అనే పేరు మాత్రం "ఇందియెన్", అంటే ఇండియా గుడ్డలు. పదిహేడో శతాబ్దంలో మన తీరం నుంచి అద్దకం గుడ్డలు ఓడల్లో మార్సెయ్ రేవుకి చేరేవి. ఫ్రెంచివాళ్ల కంపెనీ 1669లో మా బందరులోనే గిడ్డంగి పెట్టింది. ఆ గుడ్డలకి గిరాకీ ఎంత పెరిగిందంటే, తమ పట్టు, ఉన్ని నేతగాళ్లు దెబ్బతింటున్నారని ఫ్రాన్స్ రాజు 1686లో వాటి దిగుమతినీ, వాటిని చూసి ఇక్కడ అద్దడాన్నీ నిషేధించాడు. 1759 దాకా ఆ నిషేధం నడిచింది. అది తొలగాక ఇక్కడి అద్దకం మళ్లీ నిలదొక్కుకుంది. తారాస్కోఁ ఊళ్లో సులెయాదో అనే సంస్థ ఆ పాత అచ్చుల్ని దాచి, వాటి నమూనాలతో ఇప్పటికీ గుడ్డలు చేస్తోంది.

నాన్నగారు 2018లో వచ్చినప్పుడు కూర్ సలేయాలో ఒక గుడ్డల బల్ల ముందు ఆగిపోయారు. అంచు పట్టుకుని తిరగేశారు, వేళ్ల మధ్య నలిపారు. "ఇది మన పెడన అచ్చే కదే!" అన్నారు. అమ్మే పెద్దాయన ఇంకో గుడ్డ తీసి ఇచ్చాడు. ఒకరి భాష ఒకరికి రాదు. పావుగంట సేపు ఇద్దరూ గుడ్డలు తిరగేస్తూనే ఉన్నారు. ఆరోజు నాన్నగారు నాకు చూపించినవే ఇవి.

వెనకవైపు తెల్లగా, ముందువైపు ఫొటోలా మెరుస్తూ ఉంటే అది ఎక్కువగా పాలియెస్టర్ మీద వేడితో అతికించిన బొమ్మ. నూలు గుడ్డ మీద అద్దిన రంగు వెనక్కి కొంతైనా దిగుతుంది. జకార్డ్ అయితే, అంటే పువ్వును అద్దకుండా నేతలోనే వేసినదైతే, వెనకవైపు అదే పువ్వు రంగులు తారుమారై కనిపిస్తుంది, అది మంచి గుర్తు. తర్వాత చీటీ చదవండి. "ఫాబ్రికే ఆఁ ఫ్రాన్స్" అంటే ఇక్కడ తయారైందని. "క్రెయే ఆఁ ఫ్రాన్స్" అంటే బొమ్మ ఇక్కడ గీశారని మాత్రమే, గుడ్డ ఎక్కడిదో చెప్పదు. ఇంకో సంగతి, పైన పూత పూసిన రకం ఉంటుంది, "అందుయి" అంటారు. పులుసు ఒలికినా తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. మన ఇళ్లకి అదే మంచిది. మడత పెడితే గీతలు పడతాయి కనుక చాపలా చుట్టి ఇమ్మనండి. బయల్దేరేముందు మీ టేబుల్ కొలత సెంటీమీటర్లలో రాసుకురండి. కొలత లేక వదిన మూడు గుడ్డలు కొంటే రెండు సరిపోలేదు.

లావెండర్ దగ్గర నేనే మోసపోయాను. వచ్చిన కొత్తలో సముద్రం ఒడ్డున ఒక కొట్టులో ఊదారంగు మూటలు డజను కొని ఇంటికి పంపాను. నెల తిరక్కుండా వాసన పోయింది. అమ్మ విప్పి చూస్తే సగం పొట్టే. అప్పటి నుంచి సంతలో పువ్వులు బుట్టలో పోసి, కళ్లముందే సంచిలో నింపి ఇచ్చేవాళ్ల దగ్గరే కొంటున్నాను. గింజని వేళ్లతో నలిపి వాసన చూడనిస్తారు. నూనె కొంటే రెండు రకాలున్నాయని గుర్తుంచుకోండి. "లావాంద్ ఫీన్" కొండల మీద పెరిగే అసలు లావెండర్, ఖరీదు ఎక్కువ. "లావాందాఁ" రెండు జాతులు కలిసినది, దిగుబడి ఎక్కువ, చవక, కర్పూరంలా కొడుతుంది. బట్టల మధ్య పెట్టడానికి రెండోది చాలు. ఒంటికి, తలగడకి అయితే మొదటిది.

మార్సెయ్ సబ్బు విషయంలోనూ రంగు చూసి మోసపోవద్దు. పాత పద్ధతి సబ్బు ఆలివ్ నూనెది ఆకుపచ్చగా, వేరే నూనెలది తెల్లగా ఉంటుంది. చతురస్రపు దిమ్మ మీద 72% అని, అంటే నూనెల పాలు, అచ్చు ఉంటుంది. దానిలో రంగూ, అత్తరూ కలపరు. గులాబీరంగు, నీలంరంగు బిళ్లలు కూడా అదే పేరుతో అమ్ముతారు. బహుమతికి బాగుంటాయి, కానీ అవి వేరే సరుకు.

అత్తరుకి ఒక పూట గ్రాస్ అనే ఊరు వెళ్లండి, నీస్ నుంచి, కాన్ నుంచి రైలుంది. అక్కడి అత్తరు కంపెనీల్లో గాలిమార్ 1747 నాటిది, మోలినార్ 1849, ఫ్రాగోనార్ 1926. ఫ్రాగోనార్‌వాళ్లు ఫ్యాక్టరీని ఉచితంగా తిప్పి చూపిస్తారు. అక్కడ ఆగస్టు నుంచి కోసే పువ్వు మన జాజి. ఆ సీసా మూత తీయగానే మా అత్తయ్య కళ్లు మూసుకుని కాసేపు మాట్లాడలేదు. మూడు రకాల కంటే ఎక్కువ వాసన చూడకండి, ముక్కు పనిచేయదు. మణికట్టు మీద వేసుకుని భోజనం చేసి వచ్చాక, మిగిలిన వాసన నచ్చితే కొనండి.

చిన్న బుటిక్‌లు చాలావరకు మధ్యాహ్నం రెండు గంటల సేపు మూసేస్తారు, సోమవారం పొద్దున కూడా తలుపులు వేసి ఉండవచ్చు. ఏటా తగ్గింపు అమ్మకాలు, "సోల్ద్", వేసవిలో నాలుగు వారాలుంటాయి. ఫ్రాన్స్‌లో చాలాచోట్ల జూన్ చివర్లో ఒక బుధవారం మొదలైతే మా జిల్లాలో జులై మొదటి బుధవారం. సైజు అంకె చూసి కొనకండి, తొడిగి చూడండి: ఇక్కడి 38 ఇటలీలో 42. నచ్చలేదని తిరిగిస్తే డబ్బు వెనక్కివ్వాలన్న చట్టం కొట్టులో కొన్నవాటికి లేదు, కొనేముందే అడగండి. సెయింట్ ట్రోపేలో 1927 నుంచి చెప్పులు కుడుతున్న రొందీనీ కొట్టుంది. ఖరీదే, కానీ తోలు చెప్పు ఒక్కటే కొనాలంటే నేను అక్కడే కొంటాను.

శుక్రవారం చాలామంది రైలెక్కి సరిహద్దు దాటి ఇటలీలోని వెంతిమీలియా సంతకి వెళతారు. జున్ను, తోలు బెల్టులు బాగుంటాయి. పేరున్న బ్రాండ్ సంచీ, గడియారం నేలమీద దుప్పటి పరిచి అమ్ముతుంటే దగ్గరికి కూడా వెళ్లవద్దు. నకిలీ అమ్మినవాళ్లకే కాదు, కొన్నవాళ్లకీ అక్కడ 7000 యూరోల దాకా జరిమానా వేయవచ్చు.

చివరగా పన్ను వాపసు. ఇండియాలో ఉండేవాళ్లకి, పదహారేళ్లు దాటితే, ఒకే కొట్టులో మూడు రోజుల్లోపు 100 యూరోలు దాటి కొంటే "దెతాక్స్" అడగవచ్చు. కొట్టువాళ్లు ఇచ్చి తీరాలని లేదు కనుక డబ్బు కట్టకముందే అడగండి, పాస్‌పోర్ట్ దగ్గర ఉండాలి. పన్ను 20 శాతమైనా ఖర్చులు పోను చేతికి 12 శాతం దాకా వస్తుంది. నాలాగా ఇక్కడ ఉండేవాళ్లకి రాదు, అందుకని బిల్లు నా కార్డు మీద వేయించకండి, మీ పేరు మీదే ఉండాలి. కార్డు యంత్రం రూపాయల్లోనా యూరోల్లోనా అని అడిగితే యూరోలే నొక్కండి. విమానాశ్రయంలో పాబ్లో అనే యంత్రం దగ్గర కొట్టువాళ్లిచ్చిన దెతాక్స్ కాగితాన్ని స్కాన్ చేశాకే పెట్టె అప్పగించండి. అన్నయ్య ముందే పెట్టె పంపేసి పరుగెత్తాడు, సరుకు చూపించమంటే చూపించలేక వాపసు పోయింది. వేరే యూరప్ దేశంలో విమానం మారే ప్రయాణమైతే ఎక్కడ స్కాన్ చేయాలో కొట్టులోనే అడిగి రాయించుకోండి. నూనె సీసాలు చేతిసంచీలో పోనివ్వరు, పెద్ద పెట్టెలో కొన్న టేబుల్ గుడ్డలోనే చుట్టి మధ్యలో పెట్టండి.