అపాయింట్‌మెంట్ ఆర్డర్ చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: రిజైన్ చేశాక ఏ షరతు నిలుస్తుంది?

పోయిన పాఠంలో మీ ఆర్డర్‌లోని షరతులన్నీ పెన్సిల్‌తో గుర్తుపెట్టమన్నాను. ఇప్పుడు ఒక్కోదాని పక్కన ఒక అక్షరం రాయండి. ఉద్యోగంలో ఉన్నంతకాలానికే అయితే 'ఉ', మానేశాక కూడా వర్తిస్తుందని ఉంటే 'మా'. కోర్టులో వాదన చాలావరకు ఈ తేడా మీదే నడుస్తుంది.

'ఉ' షరతులకు బలం ఎక్కువ. 1967లో సుప్రీంకోర్టు గోలికరి కేసులో, ఐదేళ్ల ఒప్పందం మధ్యలో వదిలి పోటీ కంపెనీకి వెళ్లిన ఉద్యోగిని ఆపడం సరైనదేనంది.

'మా' షరతులు రెండు రకాలు. మొదటిది "పోటీ కంపెనీలో చేరొద్దు" అనేది. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, మనిషిని న్యాయమైన వృత్తి, వ్యాపారం చేసుకోనీయని ఒప్పందం ఆ మేరకు చెల్లదు. క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులో 2006లో సుప్రీంకోర్టు కూడా, ఒప్పందం గడువు తీరాక ఇలాంటి కట్టడి నిలవదని చెప్పింది. "రెండేళ్లే కదా, ఒక్క జిల్లాలోనే కదా" అన్నంత మాత్రాన అది చెల్లుబాటు కాదు. ఒక్క లాయర్ నోటీసుకు భయపడి హనుమకొండలో వచ్చిన మంచి ఉద్యోగాన్ని వదులుకునే పిల్లల్ని చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

రెండోది రహస్యాల షరతు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, ఇది మానేశాక కూడా నిలుస్తుంది. అయితే ఏది రహస్యం? మీరు వరంగల్‌లో ఒక విత్తన కంపెనీ సేల్స్‌లో పనిచేశారనుకోండి. నర్సంపేట, పరకాలల్లో డీలర్లు ఎవరెవరో షాపు బోర్డులే చెప్తాయి, అది రహస్యం కాదు. రైతుతో మాట్లాడే తీరు, ఏ నేలకు ఏ పత్తి రకం పనికొస్తుందన్న అనుభవం మీ సొంతం. కానీ ఏ డీలర్‌కు ఎంత డిస్కౌంట్, ఎన్నాళ్ల ఉద్దెర, వచ్చే సీజన్‌కు ఏం రేటు పెట్టబోతున్నారన్న షీటు కంపెనీది. హైబ్రిడ్ తయారీకి వాడే తల్లి, తండ్రి రకాల వివరాలైతే మరీ. ఆ షీటును చివరి రోజు మీ సొంత మెయిల్‌కు పంపుకుంటే, కంపెనీకి అంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు. రహస్యం పోయిందని ఊరికే అంటే సరిపోదు, ఏ సమాచారం, ఎలా వెళ్లిందో కంపెనీ చూపించాలి.

కంపెనీ సాధారణంగా ముందు అడిగేది మధ్యంతర ఇంజంక్షన్, అంటే కేసు తేలేదాకా మిమ్మల్ని ఆపే కోర్టు ఆర్డర్. సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డర్ కింద జడ్జి మూడు చూస్తారు: పైకి కేసు కనిపిస్తోందా, ఆపకపోతే ఎవరికి ఎక్కువ ఇబ్బంది, ఆ నష్టం డబ్బుతో పూడేదా కాదా. మీ వాదన వినకుండా ఆర్డర్ ఇస్తారేమోనని టెన్షన్ ఉంటే, అదే కోడ్ 148ఏ సెక్షన్ కింద ముందే కేవియట్ (నాకు చెప్పకుండా ఆర్డర్ ఇవ్వొద్దని కోర్టుకు పెట్టుకునే అర్జీ) వేసుకోవచ్చు. అది 90 రోజులు పనిచేస్తుంది. ఇంజంక్షన్ వచ్చినా, దాన్ని ఎత్తేయమని అదే కోర్టును అడిగే హక్కు మీకుంది.

బాండు సంగతి వేరు. అది మిమ్మల్ని పని చేసుకోనీయకుండా ఆపదు, డబ్బు అడుగుతుంది. మూడేళ్ల లోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న విజయా బ్యాంక్ షరతును 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది. అలాగని ప్రతి బాండూ చెల్లుతుందని కాదు. కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ కింద కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే, రాసుకున్న మొత్తం దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే.

అభ్యాసం: "మానేశాక రెండేళ్లు ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఏ విత్తన కంపెనీలోనూ పనిచేయరాదు, డీలర్ల రేట్లు ఎవరికీ చెప్పరాదు, మూడేళ్లలోపు మానేస్తే లక్ష రూపాయలు కట్టాలి." ఈ వాక్యాన్ని మూడు ముక్కలుగా విడదీసి, ఏది నిలుస్తుందో, ఎందుకో ఒక్కో లైన్ రాయండి. "ఆ మేరకు చెల్లదు" అన్న మాటను ఇక్కడ వాడి చూడండి: ఒక ముక్క పోయినంత మాత్రాన మిగతావి వాటంతటవే పోవు. 5వ పాఠంలో లాయర్ నోటీసుకు జవాబు రాద్దాం, ఈ మూడు లైన్లు దగ్గర పెట్టుకోండి.